పదిహేడు నిమిషాల ముచ్చట

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు విమానంలో ఎంతసేపు? నవ్వొచ్చే ప్రశ్నే. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో రన్‌వే ఉన్నది బసంత్‌నగర్‌లో, సిమెంట్ ఫ్యాక్టరీ దగ్గర. 1980లలో అక్కడికి వాయుదూత్ చిన్న విమానాలు వచ్చిపోయేవి. ఆదిలాబాద్‌లో ఉన్నది నిజాం కాలం నాటి ఎయిర్‌ఫీల్డ్. వైమానిక దళం చేతిలో ఉంది. రెండింటి మధ్య తిన్నగా కొలిస్తే దాదాపు 140 కిలోమీటర్లు. ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది కాబట్టి 17 నిమిషాలు.

ఇది కాగితం లెక్క. విమానం పైకి లేచి ఆ వేగం అందుకునేసరికే దిగే వేళవుతుంది. కాబట్టి అరగంట అనుకోండి. కరీంనగర్ నుంచి బసంత్‌నగర్ చేరడానికి ఒక గంట, తనిఖీల కోసం ముందే వెళ్లి కూర్చోవడానికి ఇంకో గంట, దిగాక సామాను, ఆటో. మొత్తం మూడు గంటలు దాటుతుంది. ఆర్టీసీ బస్సు నాలుగైదు గంటల్లో దింపేస్తుంది, అదీ బస్టాండ్‌లోనే! స్కాట్లండ్‌లోని ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్‌రే, పాపా వెస్ట్‌రేల మధ్య 2.7 కిలోమీటర్లకే విమానం నడుస్తోంది. అక్కడ మధ్యలో సముద్రం ఉంది. మన గోదావరి మీద వంతెనలున్నాయి.

ఇలా తిన్నగా కొలిచే దూరంతో మనకు పడ్డ అసలు పని వేరు. హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందం ప్రకారం దానికి 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్లదాకా కొత్త విమానాశ్రయం రాకూడదు. వరంగల్ మామునూరు ఆ గీత లోపల పడింది. శంషాబాద్‌ను నడిపే జీఎంఆర్ సరేనన్నాకే 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చింది. శంషాబాద్ నుంచి బసంత్‌నగర్ సుమారు 190, ఆదిలాబాద్ 270 కిలోమీటర్లు. వీటికి ఆ అడ్డే లేదు. అయినా వెనకబడ్డాయి. ఆదిలాబాద్‌లో పౌర విమానాలకు వైమానిక దళం 2025 ఏప్రిల్‌లో ఒప్పుకుంది. మంచిదే, ఢిల్లీ, ముంబై పోయేవారికి అక్కరకొస్తుంది.

కానీ ఆదిలాబాద్‌లో రైలెక్కిన మనిషి హైదరాబాద్ ఎలా వస్తున్నాడు? ముందు పడమటికి, మహారాష్ట్రలోకి పోతాడు. కిన్వట్ మీదుగా ముద్‌ఖేడ్ చేరి, అక్కడి నుంచి వెనక్కి మళ్లి బాసర దగ్గర మళ్లీ తెలంగాణలో అడుగుపెడతాడు. సొంత రాజధానికి రావడానికి పక్క రాష్ట్రం చుట్టి రావాలన్నమాట! నిర్మల్ మీదుగా ఆర్మూర్‌కు లైను వేస్తే ఈ చుట్టు తిరుగుడు పోతుంది. ఆర్మూర్‌లో పెద్దపల్లి–నిజామాబాద్ లైను కలుస్తుంది, దాని మీదే కరీంనగర్ ఉంది. అంటే ఒక్క లైనుతో హైదరాబాదూ దగ్గరవుతుంది, కరీంనగరూ దగ్గరవుతుంది. ఏళ్ల తరబడి అడుగుతున్నదే ఇది. సర్వేల మాట వింటున్నాం, పట్టాలు మాత్రం పడలేదు.

విమానం టికెట్టు కొనగలిగేవారు కొందరే. పేషెంటును తీసుకుని హైదరాబాద్ పరుగెత్తేవారు, పరీక్ష రాయడానికి పోయే పిల్లలు, పత్తి అమ్ముకునే రైతులు జనరల్ బోగీ ఎక్కేవాళ్లు. మీ ఎంపీ ఊరికొచ్చి విమానాశ్రయం గురించి చెప్పినప్పుడు చప్పట్లు కొట్టండి, తప్పులేదు. కొట్టాక ఆర్మూర్ లైను పనులు ఏ నెలలో మొదలవుతాయో కూడా అడగండి.