మార్కు చెప్పని మాట

దిద్దిన పేపరు చేతికి రాగానే విద్యార్థి చూపు మొదట ఎటు వెళ్తుంది? పైన మూలకి... ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉన్న అంకె మీదికి. ఆ తర్వాత పక్కవాడి పేపరు మీదికి. 'నీకెన్ని?' 'మరి నీకెన్ని?' అనుకోవడంతో ఆ కాగితం పని అయిపోతుంది. మార్జిన్‌లో మాస్టారు ఓపిగ్గా రాసిన రెండు వాక్యాలూ చదివే నాథుడుండడు.

పిల్లల్ని తిట్టుకుని లాభం లేదు. అది అంకె మహిమ. ఇజ్రాయెల్‌కు చెందిన మనస్తత్వ పరిశోధకురాలు రూత్ బట్లర్ ఈ సంగతిని పరీక్షించి చూసి, 1988లో ఫలితాలు ప్రచురించారు. పదకొండు, పన్నెండేళ్ల పిల్లల్ని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి మార్కులు మాత్రమే ఇచ్చారు. రెండో జట్టుకి మార్కుల్లేవు, చేసిన పని మీద వ్యాఖ్య మాత్రమే. మూడో జట్టుకి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లలో ఆసక్తి నిలిచింది, పని మెరుగైంది. వింతేమిటంటే, రెండూ అందుకున్నవాళ్లు మార్కుల జట్టు దగ్గరే ఆగిపోయారు. మార్కు పక్కన చేరేసరికి మంచిమాట కూడా పనిచేయకుండా పోయింది!

అందుకే కొన్నేళ్లుగా విశ్వవిద్యాలయాల్లో ఓ ప్రశ్న గట్టిగా వినిపిస్తోంది. గ్రేడు తీసేసి, 'ఇక్కడ బాగుంది, ఇక్కడ తప్పింది, ఇలా సరిచేసుకో' అని చెబితే సరిపోదా? అమెరికాలో మానవశాస్త్ర ఆచార్యురాలు సుసాన్ బ్లమ్ సంపాదకత్వంలో 2020లో 'అన్‌గ్రేడింగ్' అనే పుస్తకమే వచ్చింది.

అనాదిగా ఉన్నవేం కావు

ఈ కొలతలు చదువు పుట్టినప్పుడే పుట్టినవి కావు. అమెరికాలో యేల్ కళాశాల అధ్యక్షుడు ఎజ్రా స్టైల్స్ 1785లో తన విద్యార్థుల్ని నాలుగు తరగతులుగా విడదీసి డైరీలో రాసుకున్నాడు. అక్కడ తొలి గ్రేడుగా చాలామంది చెప్పుకునేది దాన్నే. మనకైతే 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలతో పాటే పరీక్షలూ వచ్చాయి. లండన్ యూనివర్సిటీ నమూనాలో ఏర్పడ్డ వాటికి పాఠం చెప్పడం కన్నా పరీక్ష పెట్టడమే ముఖ్యమైన పని. బోధన కాలేజీది, పరీక్ష యూనివర్సిటీది. ఆ ఎడం ఇప్పటికీ పూర్తిగా పూడలేదు.

మార్కుల్లేని చదువూ మనకి కొత్త కాదు. సంగీతం మాస్టారు శిష్యుడికి నూటికి అరవై రెండు వెయ్యరు. 'గాంధారం దగ్గర శ్రుతి జారింది, మళ్లీ పాడు' అంటారు. మేస్త్రీ కూడా అంతే... గోడకి తూకం వేసి చూపించి, 'ఇక్కడ పొట్ట వచ్చింది, విప్పి కట్టు' అంటాడు. తప్పు తెలిసిన క్షణంలోనే దిద్దుకునే అవకాశమూ దొరుకుతుంది. విద్య పట్టుబడేది అక్కడే.

శాంటాక్రజ్ చెప్పిన పాఠం

ఈ పద్ధతిని ఓ పెద్ద విశ్వవిద్యాలయం నిజంగానే ఆచరించి చూసింది. 1965లో మొదలైన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటాక్రజ్ శాఖలో గ్రేడుకి బదులు, ప్రతి కోర్సులో ప్రతి విద్యార్థి గురించీ అధ్యాపకులు నాలుగు మాటలు రాసేవారు. ఏం నేర్చుకున్నాడు, చర్చలో ఎలా పాల్గొన్నాడు, వ్యాసంలో బలమేమిటి, లోపమేమిటి... అన్నీ మాటల్లోనే. వందల మందితో మొదలైన చోటు వేలమందికి చేరింది. రాసే భారం పెరిగింది. 'ఇక్కడి చదువులో గట్టిదనం లేదని బయటివాళ్లు అనుకుంటున్నారు' అన్న వాదనా తలెత్తింది. చివరికి 2000లో అధ్యాపకులు ఓటేసి అక్షర గ్రేడ్లని తప్పనిసరి చేశారు. 2010లో ఆ రాతపూర్వక అంచనాలు కూడా ఐచ్ఛికమైపోయాయి.

అయితే అంతటా ఇదే కథ కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో 1971లో తలుపులు తెరిచిన ఎవర్‌గ్రీన్ కళాశాల గ్రేడ్లు లేకుండానే నడుస్తోంది. ఎంఐటీ మధ్యేమార్గం పట్టింది. అక్కడ చేరిన మొదటి సెమిస్టర్‌లో పాసైతే 'పాస్' అని మాత్రమే నమోదవుతుంది, తప్పితే బయటికిచ్చే ధ్రువపత్రంలో ఆ ఊసే ఉండదు. కొత్తచోట కుదురుకోవడానికి పిల్లలకి కాస్త ఊపిరి దొరకాలన్నది ఉద్దేశం.

మార్కు తీసేస్తే పోటీ పోతుందా అంటే, అదీ అనుమానమే. అమెరికాలో వైద్యవృత్తి చేయాలనుకునే తెలుగు డాక్టర్లకి యూఎస్ఎంఎల్ఈ 'స్టెప్ వన్' బాగా తెలుసు. అందులో వచ్చిన స్కోరు రెసిడెన్సీ సీటుని శాసించేది. 2022 జనవరి నుంచి దాన్ని పాస్, ఫెయిల్‌గా మార్చేశారు. కానీ స్కోరున్న 'స్టెప్ టూ' పరీక్ష అలాగే ఉంది. దాంతో బరువంతా అటు జరిగింది. సీట్లు కొన్నే, కోరేవాళ్లు ఎందరో అయినప్పుడు అంకె ఓ గుమ్మం మూస్తే ఇంకో గుమ్మంలోంచి వస్తుంది.

అంకె రక్షణ కూడా

మన దగ్గర మరో కోణం ఉంది. సెమిస్టర్ పేపరుని ఎవరో తెలియని అధ్యాపకుడు, కోడ్ నంబరు తప్ప పేరు తెలియకుండా దిద్దుతాడు. ఆ గోప్యతకో విలువుంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన అమ్మాయికి, సిఫార్సు చేసే మేనమామ లేని అబ్బాయికి ఆ అంకే అండ. కులం చూసో, ఊరు చూసో, ఇంగ్లిషు చూసో తీర్పు చెప్పే అధ్యాపకుడు ఎదురైతే వాళ్లు చూపించగలిగేది మార్కుల జాబితానే. అంతా మాటల మీదే నడిపితే, ఆ మాటలు ఎవరి నోట్లోంచి వస్తున్నాయన్నది ముఖ్యమైపోతుంది. అందుకే 'గ్రేడ్లు రద్దు' అన్న నినాదాన్ని ఇక్కడికి యథాతథంగా దింపుకోలేం.

కానీ మన అంకె అండగా ఉన్నా మూగది. 2015లో యూజీసీ తెచ్చిన పది పాయింట్ల పద్ధతిలో 'ఓ' అంటే పది, 'ఏ ప్లస్' అంటే తొమ్మిది, 'బీ' అంటే ఆరు. ఆరు ఎందుకొచ్చింది? ఏడు రావాలంటే ఏం చేయాలి? దానికి జవాబుండదు. సెమిస్టర్ పేపరు మామూలుగా విద్యార్థి చేతికి తిరిగి రాదు. అనుమానం వస్తే రీవాల్యుయేషన్‌కి ఫీజు కట్టాలి. అప్పుడు కూడా తెలిసేది మరో అంకె మాత్రమే. దిద్దిన జవాబుపత్రాన్ని చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ కేసులో చెప్పాల్సి వచ్చింది. తన తప్పేమిటో తెలుసుకోవడానికి న్యాయస్థానం గడప ఎక్కాల్సి వచ్చిందంటే, పరీక్ష నేర్పడానికా, వడపోతకా అన్నది తేలిపోతోంది.

వారం ఆగితే చాలు

చివరి పరీక్ష జోలికి పోకుండానే మార్చగలిగింది చాలా ఉంది. ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు కాలేజీ చేతిలోనివే. వాటిని దిద్దినప్పుడు ముందు వ్యాఖ్య ఒక్కటే ఇచ్చి, విద్యార్థి సరిచేసి తెచ్చాకే మార్కు వేయొచ్చు. ఆ వారం రోజులూ చూడటానికి అంకె ఉండదు కాబట్టి మాటే చదువుతాడు.

అధ్యాపకుల ఇబ్బందీ నిజమే. అరవైమంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరికి పది నిమిషాలు కేటాయించినా పది గంటలు. మూడు సెక్షన్లుంటే ముప్ఫయి. ఖాళీగా ఉన్న పోస్టులు నింపకుండా, ఉన్నవాళ్ల మీదే బరువు మోపితే 'గుడ్', 'ఇంకా బాగా రాయాలి' అన్న రెండు ముక్కలే మిగులుతాయి. అది వ్యాఖ్య కాదు, అక్షరాల్లో రాసిన మార్కు. సెమిస్టర్‌కి ఆరు అసైన్‌మెంట్లు పెట్టి టిక్కు కొట్టేకన్నా, రెండే పెట్టి సరిగ్గా దిద్దడం మేలు. అందరూ చేసిన తప్పుల్ని క్లాసులో ఒకేసారి చెప్పి, ఎవరి తప్పు వాళ్లకి ఒక్క వాక్యంలో రాసినా చాలు.

ఇంట్లోవాళ్లూ చేయగలిగింది ఒకటుంది. సెలవులకి వచ్చిన పిల్లల్ని 'ఎంతొచ్చింది?' అని అడిగాక అక్కడితో ఆపకుండా 'ఎక్కడ పోయింది? మాస్టారేమన్నారు?' అని కూడా అడగాలి. మొదటి ప్రశ్నకి జవాబు మెమోలోనే ఉంటుంది. రెండోదానికి జవాబు లేదంటే... ఆ పిల్లాడికి పరీక్ష పెట్టారు గానీ పాఠం చెప్పడం ఇంకా పూర్తవలేదన్నమాట.