ఏసీ ఆపి ఎవరు తిరుగుతున్నారు?

సంపాదకుల వారికి,

పెట్రోలు పొదుపు మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. టైర్లలో గాలి చూసుకోమన్నారు, డిక్కీలో పనికిరాని బరువు తీసేయమన్నారు, సిగ్నల్ దగ్గర ఇంజిను ఆపమన్నారు, యాక్సిలరేటర్ మీద కాలు మెత్తగా వేయమన్నారు. ఏదీ కాదనను. కానీ వ్యాసమంతా ఒకే నమ్మకం మీద నడిచింది: కంపెనీ చెప్పిన మైలేజీ రాలేదంటే తప్పు నడిపేవాడిది. సర్వీసు సెంటర్లో కూడా మనకు వినిపించేది ఆ మాటే. ‘డ్రైవింగ్ స్టైల్ సార్’ అని నవ్వి బిల్లు చేతిలో పెడతారు. నా పేచీ అక్కడే.

షోరూంలో చెప్పే ఆ అంకె రోడ్డు మీద పుట్టింది కాదు. పుణెలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థల్లో, గదిలో, రోలర్ల మీద కారు చక్రాలు తిప్పి తేల్చింది. ఇన్నేళ్లుగా మనం వాడుతున్న పరీక్ష, ఐరోపా వాళ్ల పాత పద్ధతిని కాస్త మార్చి తెచ్చుకున్నది. మొత్తం ఇరవై నిమిషాల లోపు ముగుస్తుంది, కారు ‘తిరిగే’ దూరం పదకొండు కిలోమీటర్లు కూడా ఉండదు. మొదటి భాగం ఊళ్లో నడిపినట్టు, రెండోది ఊరి బయట నడిపినట్టు. ఊరి భాగంలో వేగం 50 దాటదు, బయటి భాగంలో 90 దాటదు. ఊరి భాగంలో ఒకచోట సున్నా నుంచి 50కి చేరడానికి 26 సెకన్లు ఇస్తారు. మా విజయవాడ బెంజ్ సర్కిల్లో పచ్చలైటు పడ్డాక అంత తీరిగ్గా యాభైకి చేరే మొనగాణ్ణి ఒకణ్ణి చూపించండి. వెనక ఆటో అతను అప్పటికే వాడి ఏడు తరాలనూ తలుచుకుని ఉంటాడు.

ఆ మాటకొస్తే మెల్లగా నడపడం మంచిదే కదా, అలవాటు చేసుకుందాం అనుకోండి. అప్పుడు కూడా మన కాలితో సంబంధం లేని సంగతి ఒకటి మిగులుతుంది. ఆ పరీక్ష జరిగినంతసేపూ ఏసీ ఆపే ఉంటుంది.

పెద్ద కారు కంటే చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి ఏసీ దెబ్బ ఎక్కువ తగులుతుంది. ఒక లీటరు ఇంజిను, అరవై అయిదు గుర్రాల బలం. ఎండలో నిలబెట్టిన క్యాబిన్‌ని చల్లార్చడానికి కంప్రెసర్ లాక్కునే శక్తి, బండి చిన్నదైనంత మాత్రాన సగమైపోదు. పైగా ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు చక్రాలకు కావాల్సిన శక్తి చాలా తక్కువ, కంప్రెసర్ మాత్రం తన వాటా తాను తీసుకుంటూనే ఉంటుంది. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిస్తే, కారు పదిహేను కిలోమీటర్లు పోతుంది, ఏసీ మాత్రం గంట పనిచేస్తుంది. అదే పదిహేను కిలోమీటర్లు హైవే మీద 80లో పోతే ఏసీ పనిచేసేది పది పన్నెండు నిమిషాలు. ఊళ్లో మైలేజీ కూలిపోవడానికి, హైవే మీద లేచి కూర్చోవడానికి సగం రహస్యం ఇదే.

మా ఇంట్లోదీ అలాంటి చిన్న బండే. కాగితం మీద 24 చిల్లర. విజయవాడలో, ఏసీతో, ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి లెక్కేస్తే పద్నాలుగూ పదిహేనూ మధ్య. హైదరాబాద్ హైవే ఎక్కి 80 మీద నిలకడగా పోతే అదే బండి 20 దాటిస్తుంది. 110కి తొక్కితే మళ్లీ దిగజారుతుంది. గాలి ఎదురొత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది మరి, అది ఎవరి ప్రకటనా చదవదు. అంటే బండిలో లోపం లేదు. కంపెనీవాళ్లు అబద్ధమూ చెప్పలేదు. కొనేవాడు అడిగింది ఒకటి, వాళ్లు చెప్పింది మరొకటి, అంతే.

పోల్చుకోవడానికి ఏదో ఒక కొలత ఉండాలి కదా, అందరికీ ఒకే పరీక్ష పెట్టినప్పుడు ఇబ్బందేముంది అంటారు కొందరు. ఆ పోలికే కుదరడం లేదన్నది నా వాదన. వాగన్ ఆర్ ఒక లీటరు బండికి ప్రకటించిన అంకెలు చూడండి: మాన్యువల్ 24.35, గేర్లు తానే మార్చుకునే ఏజీఎస్ 25.19. ఏజీఎస్ తీసుకుంటే పెట్రోలు కలిసొస్తుందని షోరూంలో కుర్రాడు చెబుతాడు. పరీక్షలో మాన్యువల్ బండికి ఏ వేగం దగ్గర ఏ గేరు వేయాలో ముందే రాసిపెట్టి ఉంటుంది, ఏజీఎస్ తనకు అనువైన చోట తానే మార్చుకుంటుంది. చేయి తిరిగిన డ్రైవరు మాన్యువల్ నడిపితే ఆ తేడా రోడ్డు మీద ఉంటుందన్న హామీ ఏమీ లేదు. ఇంకొకటి, సిగ్నల్ దగ్గర ఇంజిను తనంతట ఆగి, కదిలేటప్పుడు మళ్లీ స్టార్టయ్యే ఏర్పాటు. పరీక్షలో దాదాపు నాలుగోవంతు సమయం బండి నిలబడే ఉంటుంది గనుక ఈ ఏర్పాటుకు మంచి మార్కులు పడతాయి. మే నెలలో ఏసీ వేసుకుని నిలబడితే క్యాబిన్ వేడెక్కుతోందని అదే ఏర్పాటు ఇంజినును ఆపనివ్వదు, ఆపినా క్షణాల్లో లేపేస్తుంది. ఏసీ ఆపిన పరీక్షలో సంపాదించిన మార్కులు ఏసీ వేసిన రోడ్డు మీద చెల్లవు.

ఆశ్చర్యమేమిటంటే, ఇంట్లో గోడకు పెట్టుకునే ఏసీ విషయంలో ఇదే దేశం చక్కగా ఆలోచించింది. దాని మీద అంటించే నక్షత్రాల చీటీ వెనక ఉన్న లెక్క 24 నుంచి 43 డిగ్రీల దాకా మన వాతావరణంలో ఉండే వేడిని బట్టి వేసింది. పాతిక వేలు, ముప్ఫై వేలు పెట్టి కొనే పెట్టెకు ఇంత శ్రద్ధ ఉంది. ఆరేడు లక్షల కారు అద్దం మీద అలాంటి చీటీ నాకే షోరూంలోనూ కనబడలేదు.

బయట దేశాలు ఈ దారి ఎప్పుడో తొక్కాయి. అమెరికాలో కొత్త కారు అద్దం మీద ఊళ్లో ఎంత, హైవేలో ఎంత, రెండూ కలిపి ఎంత అని మూడు అంకెలు ఉంటాయి. 2008 మోడళ్ల నుంచి ఆ అంకెలు తేల్చే లెక్కలో, 35 డిగ్రీల వేడిలో ఏసీ వేసి చేసే పరీక్షను కూడా చేర్చారు. మనం ఎవరి దగ్గర పరీక్ష తెచ్చుకున్నామో ఆ ఐరోపా వాళ్లు ఆ పాత పద్ధతి నడిచిన రోజుల్లోనే పట్టణానికి, పట్టణం బయటికి వేరువేరుగా అంకెలు ఇచ్చేవారు. 2017లో కొత్త పద్ధతికి మారడం మొదలుపెట్టి పాతదాన్ని వదిలేశారు. మనం పరీక్షను తెచ్చుకున్నాం, ఆ విడి అంకెలు ప్రకటించే మర్యాద మాత్రం తెచ్చుకోలేదు. పద్ధతి మారుతుందని మన దగ్గరా వార్తలు వస్తూనే ఉన్నాయి. మారనివ్వండి, సంతోషం. మారిన తర్వాత కూడా ఒకే ఒక్క అంకె, అదీ అన్నిటికంటే పెద్దది, ప్రకటనలో వేస్తామంటే మనకు ఒరిగేదేమీ లేదు.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. లీటరు నూరు దాటి ఏళ్లయింది, మా దగ్గర 110 అనుకుందాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఉద్యోగి 24 వస్తుందనుకుని కొంటే నెలకు సుమారు 42 లీటర్లు చాలాలి. 15 వస్తే 67 లీటర్లు పోయాలి. తేడా పాతిక లీటర్లు, నెలకు 2,750 రూపాయలు, ఏడాదికి 33 వేలు. ఈఎంఐ ఎంత భరించగలమో, పెట్రోలు కొనాలో సీఎన్‌జీ కొనాలో మధ్యతరగతి ఇంట్లో తేల్చుకునేది ఆ 24 చూసే.

పైగా ఇప్పుడు బంకులో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ. పాత పెట్రోలుకు తయారై, 10 శాతం మిశ్రమానికి సర్దిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ ప్రచురించిన నివేదికే చెప్పింది. పదిహేనిచ్చే బండిలో అది ఒక కిలోమీటరు. దీన్నీ డ్రైవింగ్ స్టైల్ ఖాతాలో రాద్దామా?

కోర్టుకెళ్లమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. కేరళలో త్రిశూర్ వినియోగదారుల కమిషన్ 2022లో ఒక మహిళకు దాదాపు మూడు లక్షల పరిహారం ఇప్పించింది. ప్రకటనలో లీటరుకు 32 అన్న కారు నడిపి చూస్తే 19.6 ఇచ్చిందన్నది ఆ కేసు. ఆవిడ ఓపికకు దండం పెట్టాలి. కానీ మైలేజీ కోసం ఊరూరా ఏళ్ల తరబడి కేసులు వేసుకుంటూ పోవడం జరిగే పనేనా?

నేను అడిగేది చిన్నది. ఆ పరీక్షలో ఊరి భాగం, బయటి భాగం ఎలాగూ ఉన్నాయి. వాటి అంకెలు విడివిడిగా, ఏసీ వేసి కొలిచి, కారు అద్దం మీద అంటించాలని కేంద్ర రవాణా శాఖ నిబంధన పెట్టాలి. ప్రకటనలో అంకె వేస్తే ఊళ్లో వచ్చే అంకెను అంతే పెద్ద అక్షరాల్లో పక్కన వేయాలి. ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. మీ వాహనాల పేజీలో కొత్త కారు గురించి రాసినప్పుడు కంపెనీ కాగితంలోని మైలేజీని అలాగే దించకుండా, ఎండలో, ఏసీతో, ఊళ్లో, ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి మీ విలేకరి నడిపి చూసిన లెక్క వేయండి. మీ ప్రకటనల విభాగం వారు ఒప్పుకుంటేనే లెండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ