అడ్వాన్సు అనే సంకెల

పశ్చిమ ఒడిశాలో నువాఖాయ్ అంటే కొత్త బియ్యం పండగ. అది వెళ్లగానే బలంగీర్, నువాపడా పల్లెల్లో సర్దార్లు, అంటే కూలీలను కుదిర్చే దళారులు, దిగుతారు. వానాకాలం పంట తప్ప మరో ఆధారం లేని ఇళ్లవి. పెళ్లి అప్పో, ఆస్పత్రి అప్పో మెడ మీదున్నవాళ్లు సర్దార్ చేతిలోని అడ్వాన్సు కాదనలేరు. తీసుకున్నాక కాంటాబంజిలో రైలెక్కి, మన తెలంగాణలోని పెద్దపల్లి, రంగారెడ్డి జిల్లాల ఇటుక బట్టీలకు చేరతారు.

బట్టీలో కూలి ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిదీ. మట్టి కలిపేది ఒకరు, అచ్చు తీసేది ఒకరు, పచ్చి ఇటుకలను తిరగేసేది పిల్లలు. తిండికి ఇచ్చే 'ఖురాకీ' కూడా బాకీలోనే రాస్తారు. ఆ ఖాతా పుస్తకం యజమాని దగ్గర ఉంటుంది, రాత కూలీకి రాని భాషలో ఉంటుంది. బాకీ ఎంత తీరిందో తెలియనివాడు బట్టీ దాటి ఎలా పోతాడు?

పారిపోతే ఏమవుతుందో 2013 డిసెంబరులో చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో పనికని అడ్వాన్సు తీసుకున్న కలహండి కూలీలను దళారులు వేరేచోటికి మళ్లించబోయారు. తోటివాళ్లు తప్పించుకుంటే, దొరికిన ఇద్దరి కుడిచేతులు నరికేశారు.

'ఇష్టపడే వచ్చారుగా, డబ్బు తీసుకున్నారుగా' అంటారు కొందరు. దీనికి చట్టం ఎప్పుడో జవాబు చెప్పింది. మనుషుల అక్రమ రవాణా కేసులో బాధితుల సమ్మతి లెక్కకు రాదు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడమూ వెట్టేనని, ఆకలి బలవంతం కూడా బలవంతమేనని 1982లో ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం ప్రకారం ఆ బాకీ చెల్లదు. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవలసిందీ అప్పిచ్చినవాడే.

వెట్టి అన్న మాట ఒడిశా కూలీ కన్నా మనకే బాగా తెలుసు. దొరల గడీలకు తాతలు చేసిన చాకిరి అది. దాని మీద తిరగబడి ప్రాణాలిచ్చిన నేల ఇది. అదే నేల మీద పొరుగు రాష్ట్రపు బిడ్డలు వెట్టి చేస్తుంటే, ఆ ఇటుకలతో మన ఇళ్లు లేస్తున్నాయి. ఇది మనకు తలవంపు.

చేయాల్సింది కొత్త చట్టం కాదు. వెట్టి కూలీలను విడిపించిన రోజే కలెక్టరో ఆర్డీవోనో విడుదల పత్రం ఇవ్వాలి. అది ఉంటే పాత బాకీ రద్దయినట్టు చేతిలో రుజువుంటుంది, కేంద్ర పథకం కింద 30 వేల రూపాయల దాకా తక్షణ సాయం అందుతుంది. అది లేకుండా టికెట్ కొనిచ్చి రైలెక్కిస్తే, వచ్చే నువాఖాయ్‌కి మళ్లీ అదే సర్దార్ గుమ్మంలో ఉంటాడు.

ఈసారి బట్టీలు మొదలవగానే కార్మికశాఖ అధికారులు ఒడియా చదవగలవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లాలి. ఖాతా పుస్తకం తెరిపించి, కూలీల ముందే గట్టిగా చదివించాలి. సంకెల ఉన్నది ఆ పుటల్లోనే.