సరస్సు చెంతనుండి ఒక్కనాటి విహారములు

చెన్నపురినుండి నెల్లూరికి రైలుమీద పోవువారికి సూళ్లూరుపేట పరిచితమైన స్టేషను. శ్రీహరికోటకు పోవలసిన శాస్త్రజ్ఞులును ఉద్యోగులును ఇచ్చటనే దిగుదురు. పట్టణమునకు తూర్పున పులికాటు సరస్సు పరచుకొని యున్నది. సముద్రపు నీరును మంచినీరును కలిసిన సరస్సులలో, మన దేశమున ఒడిశాలోని చిలికా తరువాత దీనినే చెప్పుదురు. ఇంతటి సరస్సు ప్రక్కన కాపురముండియు దానిని తీరికగా నిలిచి చూడని గృహిణులు కలరనిన ఆశ్చర్యపడ బనిలేదు. భర్త కొలువునకై ప్రతిదినము దానిని దాటును. పిల్లలను బడివారు తీసికొనిపోయి చూపుదురు. ఆమెకు మాత్రము వంటయిల్లు, అంగడివీథి, పండుగనాడు కాళంగి యొడ్డుననున్న చెంగాళమ్మ గుడి. ఇంతటితో లోకము ముగియును. ఆ తల్లి గుడి రేయింబవళ్లు తెరచియే యుండును గాని, ఈ తల్లికి ఇల్లు విడిచిపోవు తీరిక దొరకదు.

కావున ఈ మాసమున ఈ శీర్షికలో, సూళ్లూరుపేటనుండి శని ఆదివారములలో కారుమీద పోయి రాదగిన చోట్లను గూర్చి వ్రాయుచున్నాను. దూరమును మాత్రము కిలోమీటర్లతోనే కొలువను. దారిచూపు పుస్తకములలో “గంట ప్రయాణము” అని యుండును. ఆ గంటకు ముందు ఇల్లాలు పొయ్యిదగ్గర గడపిన మూడు గంటలు ఆ లెక్కకు రావు. తిరిగివచ్చిన పిదప గిన్నెలు తోముటకును, పిల్లల బట్టలు తడుపుటకును పట్టిన రెండు గంటలును రావు. ఆమె ఎన్నింటికి లేవవలెను, మరల ఎన్నింటికి నడుము వాల్పగలదు అనునదియే నా కొలబద్ద. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి పులిహోర కలిపి, దధ్యోదనము తిరుగబోసి, ఊరగాయ కట్టి తీసికొనిపోవలసిన విహారము ఆమెకు విహారము గాదు. వంటసాలయే కారెక్కి వచ్చినట్లు.

ఈ కొలబద్దకు అన్నిటికంటె చక్కగా నిలుచునది నేలపట్టు. నెల్లూరు మార్గమున ఉత్తరముగా సుమారు 20 కిలోమీటర్లు పోయి, పెద్దబాటనుండి కొంచెము ప్రక్కకు తిరిగినచో ఈ పక్షుల శరణాలయము చేరుదుము. 1976వ సంవత్సరమున ప్రభుత్వము దీనిని రక్షితస్థానముగా నేర్పరచినది. ఇచ్చటి చెరువులో కడప చెట్లు కలవు. మొదలు నీట మునిగినను ఇవి చావవు. వానలు మొదలయి చెరువు నిండిన పిదప గూడబాతులు వచ్చి వీనిమీద గూళ్లు కట్టును. నత్తగుల్లకొంగలు, నీటికాకులు, తెల్లకంకణములు, రాత్రి తిరుగు వక్కకొంగలు గూడ చేరును. గూడు నేలపట్టున, మేత పులికాటున. పొలముమీదుగా పోయి చేపలు పట్టి, మ్రింగి వచ్చి, నోరు తెరచి నిలుచును. పిల్ల ఆ నోటిలోనికి తల దూర్చి తినును. ఈ పనిలో తండ్రిపక్షి తల్లితో సమానముగా పాలుపంచుకొనును. గ్రుడ్లు పొదుగుటయు వంతులవారీగానే. ఇంటి యజమానులకు దీనిని దూరదర్శినితో రెండుమారులు చూపించుట మంచిది.

ఆ యూరివారు తరతరములుగా ఈ పక్షులకు కీడు చేయరు. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలములకు ఎరువై పంట బాగుపడునని వారి అనుభవము. మనమును వారికంటె తక్కువగా ప్రవర్తింపరాదు. గొంతెత్తి పిలుచుట, ఫోనులో పాటలు పెట్టుట, గూళ్ల చెంతకు పిల్లలను తోలుట కూడదు. బెదరిన తల్లి గూడు విడిచి లేచినచో కాకి వచ్చి గ్రుడ్లు తన్నుకొనిపోవును. ఉదయము ఆరింటికి నాలుగు ఇడ్డెనలు డబ్బాలో పెట్టుకొని బయలుదేరిన, పదిన్నరకు ఇల్లు చేరవచ్చును. మధ్యాహ్నపు వంట ఎవరు చేయవలెనన్న ప్రశ్నకు ఆనాడు భోజనశాలవారు సమాధానము చెప్పుదురు గాక.

సాయంకాలమునకు సరస్సు బాట యున్నది. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు సుమారు 18 కిలోమీటర్ల మార్గములో పెద్దభాగము నీటినడుమ కట్టమీదుగా సాగును. కార్తికము మొదలు మాఘము వరకు ఇరుప్రక్కల లోతులేని నీటిలో ఫ్లెమింగోలు, మనవారు రాజహంసలనునవి, గుంపులు గుంపులుగా నిలిచియుండును. తల క్రిందులుగా నీటిలో ముంచి, ముక్కుతోనే వడియగట్టి తినుట వాని పద్ధతి. ఆ గులాబివన్నె పుట్టుకతో వచ్చినది గాదు, తినెడు నాచునుండియు చిన్నచిన్న రొయ్యజాతులనుండియు వచ్చినది. ఎండకాలమున ఈ ఉత్తరభాగము చాలవరకు ఎండి, ఉప్పుపొర తేలిన బయలగును. అప్పుడు పోయి “ఇదేమి సరస్సు?” అనుట న్యాయము గాదు. దీనికి భోజనపు మూటయే అక్కరలేదు. నాలుగున్నరకు కాఫీ త్రాగి బయలుదేరుడు. బాటమీద బండ్లు వేగముగా పోవును గనుక కారును పూర్తిగా అంచునకు దింపి నిలుపుడు; పిల్లలను చేయిపట్టుకొనియే చూపుడు.

ఆ బాట చివరనున్న సతీశ్ ధావన్ అంతరిక్ష కేంద్రములోనికి అనుమతి లేనిదే ఎవ్వరిని పోనీయరు. రాకెట్టు లేచుట చూడగోరువారికై 2019లో ఒక వీక్షణశాల తెరచినారు. ముందుగా పేరు నమోదు చేసికొనవలెను. పిల్లలున్నవారు ఒక్కమారు తప్పక పోదగినదే. అయినను ఎండలో గంటలకొలది వేచియుండి, తుదకు ప్రయోగము వాయిదా పడినదను మాట విని మరలుటయు కలదు. సూళ్లూరుపేటవారికి వేరొక సదుపాయమున్నది. మిద్దెయెక్కినచో తూర్పుదిక్కున ఆ నిప్పుతోకయు, కొంతసేపటికి ఆ ఉరుమును ఇంటనుండియే లభించును.

పడమటి కొండలలోని ఉబ్బలమడుగును గూర్చి నాకు అంత ఉత్సాహము లేదు. తడ జలపాతమని చెన్నపురి యువకులు మెచ్చునది ఇదియే. వరదయ్యపాళెము మీదుగా పోవలెను. దారిలో శ్రీసిటీ కర్మాగారములకు పోవు యువతులతో నిండిన బస్సులు ఎదురగును. ఆ దృశ్యము నాకు జలపాతముకంటె సంతోషము కలిగించునది. బండి దిగిన పిదప అడవిలో రాళ్లమీద చాలదూరము నడవవలెను. మడుగులు లోతైనవి, రాయి పాచిపట్టినది. అచ్చట ప్రాణములు పోయినవి. చిన్నపిల్లలను, మోకాళ్లనొప్పులుగల అత్తగారిని తీసికొనిపోవదగిన చోటు గాదు. కాళ్లు బలముగల కళాశాల ఆడపిల్లలు, పెద్దలు తోడుండగా, మడుగులో దిగమని మాటయిచ్చి పోవచ్చును.

ఇచ్చట ఒక సంగతి దాచక వ్రాయవలసియున్నది. మన స్త్రీలనేకులు ప్రయాణమనగానే ముందునాటినుండి నీరు త్రాగుట తగ్గింతురు. కారణము అందరికిని తెలిసినదే, పైకి ఎవ్వరును చెప్పరు. ఎండలో నీరు త్రాగకుండుటచే తలనొప్పియు, మూత్రమున మంటయు వచ్చి, ఒక్కనాటి విహారము వారము రోజుల జబ్బగుచున్నది. కావున బయలుదేరుటకు ముందే దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి ఎచ్చట గలదో విచారింపుడు. పెద్దబాటమీది పెట్రోలు బంకులు, పెద్ద హోటళ్లు ఇందుకు పనికివచ్చును. బండి నడుపు మగవారికి ముందుగనే చెప్పుడు: రెండు గంటలకొకమారు ఆపవలెను, ఎందుకని అడుగరాదు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమియు లేదు.

రెండునాళ్లు చిక్కినవారు శ్రీకాళహస్తికిని, అచ్చటనుండి వెంకటగిరికిని పోవలెను. నాకు ఇది అన్నిటిలో మిన్న. కాళహస్తి గుడి సంగతి పాఠకురాండ్రకు నేను చెప్పవలసిన పనిలేదు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురము 2010 మే నెలలో కూలిపోగా, మరల కట్టి 2017లో కుంభాభిషేకము జరిపిరి. దర్శనమైన వెంటనే రాహుకేతు పూజ, ప్రసాదము, ఇక ఇంటికి అని త్వరపడక, కలంకారి వ్రాయు ఇండ్లను చూడుడు.

కోరాగుడ్డను కరక్కాయ కషాయములోను గేదెపాలలోను తడిపి ఎండబెట్టుదురు. పాలలోని క్రొవ్వు సిరాను ప్రాకనీయదు. కాల్చిన చింతపుల్లతో గీతలు దిద్ది, వెదురుపుల్లకు గుడ్డయో ఉన్నియో చుట్టిన కలముతో వ్రాయుదురు. నలుపునకు తుప్పు ఇనుమును బెల్లపునీటిలో దినములకొలది నానబెట్టి పులియనిత్తురు. ఆ నీరు కలములో పలుచగా నుండును. కరక్కాయ పట్టిన గుడ్డమీద పడగానే నల్లనగును. ఎఱుపు కావలసినచోట పటికనీరు పూసి, రంగువేళ్లతో ఉడికింతురు. పటిక సోకినచోటనే ఎఱుపు నిలుచును. మరల మరల ఉదుకుట, ఆరవేయుట. కరక్కాయ, బెల్లము, పటిక, పాలు, చింతపుల్ల! మన వంటయింటి గూటిలోని వస్తువులే గదా.

కొనునప్పుడు జాగ్రత్త వలయును. కాళహస్తి పద్ధతి కలముతో వ్రాయునది. పెడన, మచిలీపట్టణముల పద్ధతి అచ్చుదిమ్మెలతో వేయునది. రెండును మంచివే. కాని యంత్రముమీద అచ్చువేసిన గుడ్డను ఈ రెంటి పేరను అమ్మువారున్నారు. ఒకే బొమ్మ రెండుచోట్ల నున్నచో రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. కలముతో వ్రాసినదయినచో రెండు కన్నులు, రెండు ఆకులు ఎంతమాత్రము ఒక్కతీరుగా నుండవు.

రాత్రికి కాళహస్తిలో బసచేసి మరునాడు వెంకటగిరికి పోయిన, ప్రయాణము గంటలోపలనే. వెలుగోటివారి సంస్థానముగా పేరుపడిన ఊరు. వారి ఆదరమున పెరిగిన సన్ననినేత నేటికిని కలదు. జాందానీ బుటాలను నేత నడుమనే చిన్న కండెలతో ఒక్కొక్కటిగా పొదుగుదురు. చీర తిరగవేసి చూచినను పూవు మెరుగు తగ్గదు. గుంటమగ్గము దగ్గర మగవాడు కూర్చున్నచో, కండెలు చుట్టునది, నూలు సరిచేయునది చాలయిండ్లలో స్త్రీయే. చీర వెల అడుగుటకు ముందు ఆమె చేయి ఆడు తీరు ఒక్క పావుగంట చూడుడు. పిదప బేరమాడుటకు మనసొప్పునో లేదో మీకే తెలియును.

దక్షిణపు కొనకు, తమిళనాటిలోని పళవేర్కాటికి, పోగోరువారు చెన్నపురి మార్గమున పోయి పొన్నేరి మీదుగా తిరుగవలెను. సరస్సు ఒకటే యైనను చుట్టిరావలసియుండుటచే గంటన్నరకు తక్కువ పట్టదు. డచ్చివారు 1613లో ఇచ్చట గెల్డ్రియా యను కోట కట్టిరి. మన తీరపు రంగుగుడ్డలే వారి వర్తకమునకు ముఖ్యసరకు. కోటలో మిగిలినది స్వల్పము. శ్మశానవాటికలోని చెక్కడపురాళ్లు మాత్రము చూడదగినవి. ఊరిలోని స్త్రీలు తాటియాకులతో అల్లు బుట్టలు, మూతపెట్టెలు దొరకును. పోపుదినుసులు పోసికొనుటకు చిన్నవియు, అల్లికసామగ్రి దాచికొనుటకు నడిమివియు బాగుండును. ఆకు పచ్చిగానున్నది కొనవలదు, పదిదినములలో ముడుచుకొనిపోవును.