సేవా పుస్తకం శ్రామికుని సొత్తు

బస్తరులోని బైలదిల్లా ఇనుప ఖనిజం కిరండూల్–కొత్తవలస రైలుమార్గాన విశాఖ రేవుకు చేరి ఓడలకెక్కుతుంది. గని కార్మికుడు, రైల్వే కార్మికుడు, నావికుడు ఒకే గొలుసులోని లంకెలు.

నావికునికి సీడీసీ అనే పుస్తకం ఉన్నది. ఏ ఓడలో ఎన్నడు చేరినదీ, ఎన్నడు దిగినదీ అందులో నమోదవుతుంది. గుర్తింపు పత్రం వేరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2003లో ఆమోదించి, భారతదేశం 2015లో ధ్రువీకరించిన 185వ ఒడంబడిక ప్రకారం అది సదా నావికుని వద్దనే ఉండాలి. అతని లిఖితపూర్వక అంగీకారం లేనిదే కెప్టెన్ సైతం దానిని తన వద్ద ఉంచుకోరాదు.

మన పర్మనెంటు ఉద్యోగికి సర్వీసు రిజిస్టరు ఉన్నది. మరి మన పక్కనే పట్టాలపై చెమటోడ్చే కాంట్రాక్టు కూలీకి? ఉద్యోగ కార్డు, సేవా ధ్రువపత్రం ఇవ్వాలని 1971 నాటి కేంద్ర నిబంధనలు విధించాయి. అమలు కాంట్రాక్టరు దయకు మిగిలింది. కాంట్రాక్టరు మారితే కూలీ గతమే మాసిపోతున్నది. నమోదు ఒక్కటే చాలదు, ఆ సేవ లెక్కకూ రావాలి. పింఛను విషయంలో గ్రామీణ డాక్ సేవకుల అనుభవం చెబుతున్నది ఇదే.

కాంట్రాక్టరు మారినా మారని సేవా పుస్తకం ప్రతి కూలీ చేతికీ అందాలి. ప్రతి బ్రాంచీ ఈ కోర్కెను తీర్మానంగా ఆమోదించి పంపవలసిందిగా కోరుతున్నాము.