రెండక్షరాల పిలుపు

వెనుకటి అర్జీలలో ‘చిత్తగించవలెను’ అన్న మాట కనిపించేది. యంత్రలోకంలోనూ అటువంటి మర్యాద ఒకటి ఉన్నది. మోడెమ్‌కు ఇచ్చే ఆజ్ఞలు దాదాపు అన్నీ ‘ఏ.టి.’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలతో ఆరంభమవుతాయి. ‘అటెన్షన్’ అనే పదానికి అది సంక్షేపం.

కంప్యూటరు సమాచారాన్ని టెలిఫోను తీగపై ప్రయాణించగల ధ్వనులుగా మార్చి, అవతలి కొసన మరల సమాచారంగా మార్చే సాధనం మోడెమ్. తొలినాళ్ళలో మనిషే నంబరు తిప్పి, అవతలి నుండి ఈల వినిపించగానే రిసీవరును రబ్బరు గిన్నెల వంటి అమరికలో ఉంచవలసి వచ్చేది. 1981లో అమెరికాలో డెన్నిస్ హేస్, డేల్ హెదరింగ్టన్‌ల సంస్థ వెలువరించిన ‘స్మార్ట్‌మోడెమ్’ ఈ శ్రమను తప్పించింది. దాని వేగం సెకనుకు 300 బిట్లే. అయినా కంప్యూటరు పంపిన అక్షరాలను ఆజ్ఞలుగా గ్రహించి, తానే నంబరు తిప్పేది.

ఆ ఆజ్ఞల వ్యాకరణం సులభమైనది. ‘ఏ.టి.’ తరువాత ‘డి’ వ్రాస్తే డయల్ చేయుమని అర్థం. దాని వెంట ‘టి’ ఉంటే స్వరాలతోను, ‘పి’ ఉంటే పాత చక్రపు ఫోను వలె స్పందనలతోను నంబరు పంపుతుంది. నడుమ కామా పెడితే సాధారణంగా 2 సెకన్లు ఆగుతుంది. కార్యాలయాలలో బయటి లైను దొరికేవరకు వేచి ఉండడానికి ఈ విరామం అక్కరకు వచ్చేది.

తరువాతి మోడెమ్‌లకు జ్ఞాపకశక్తి కూడా అబ్బింది. ఆంపర్‌సాండ్ గుర్తు, ‘జెడ్’ అక్షరం, స్థానసంఖ్య, సమానపు గుర్తు వ్రాసి నంబరును చేర్చితే, కరెంటు పోయినా అది చెరిగిపోదు. ‘డి’ పక్కన ‘ఎస్’, సమానపు గుర్తు, ఆ స్థానసంఖ్య వ్రాస్తే చాలు, దాచిన నంబరునే పిలుస్తుంది.

అయితే చిక్కంతా ఇక్కడే ఉన్నది. మనిషి పొరపాటున వేరొక ఇంటికి ఫోను చేస్తే, అపరిచిత కంఠం వినగానే క్షమాపణ చెప్పి సరిదిద్దుకుంటాడు. యంత్రానికి ఆ సంకోచం లేదు. దాచినప్పుడు ఒక్క అంకె తప్పినా, అర్ధరాత్రి అయినా సరే, మళ్ళీ మళ్ళీ ఆ ఇంటినే పిలుస్తుంది. నిద్ర చెడి లేచి ఫోను ఎత్తినవారికి అవతల పలికే దిక్కుండదు. ఈ బాధను నివారించడానికే కొన్ని దేశాలు నియమాలు విధించాయి. అక్కడి మోడెమ్‌లు పలుమార్లు విఫలమైన నంబరును నిషిద్ధ జాబితాలో చేర్చి, మరల పిలవడానికి నిరాకరించేవి.

భారతదేశంలో 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభమైన తరువాత, మన ఇళ్ళలోనూ మోడెమ్‌ల రొద వినిపించింది. హేస్ సంస్థ 1999లో అంతరించింది. ఆ రెండక్షరాలు మాత్రం నిలిచాయి. నేటి మొబైల్ మోడెమ్‌లు సైతం ‘ఏ.టి.’ అంటే పలుకుతాయి.

దాచిన నంబర్లను తెరపై చూపడానికి పాత మోడెమ్‌లలో వేరొక ఆజ్ఞ ఉండేది: ‘ఏ.టి.’ పక్కన ఆంపర్‌సాండ్ గుర్తు, ‘వి’ అక్షరం. యంత్రం జాబితాను అప్పగిస్తుంది. దానిని అంకె అంకెగా సరిచూడవలసిన బాధ్యత మనిషిదే.