మూడు మండళ్ల మధ్య అడవి

సీలేరు వచ్చి శబరిలో కలిసేచోట ఉన్న మోటు ఒడిశాది. శబరి గట్టునే ఉన్న కుంట ఛత్తీస్‌గఢ్‌ది. దిగువకొస్తే చింతూరు, ఆంధ్రప్రదేశ్. అక్కణ్నుంచి బస్సెక్కితే పూట తిరక్కుండా భద్రాచలం, తెలంగాణ. అడవి ఒకటే, తుపాకి భయమూ ఒకటే. కానీ రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకోడానికి 1956 చట్టం పెట్టిన ప్రాంతీయ మండళ్లలో ఒడిశా తూర్పు మండలి, ఛత్తీస్‌గఢ్ మధ్య మండలి, రెండు తెలుగు రాష్ట్రాలూ దక్షిణ మండలి. మన మండలిలో పుదుచ్చేరి ఉంది, కుంట లేదు!

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలైంది. అటు జుడుం, ఇటు మావోయిస్టులు. మధ్యలో నలిగినవాళ్లు కట్టుబట్టలతో ఇటు దాటి చర్ల, దుమ్ముగూడెం, చింతూరు అడవుల్లో పోడు కొట్టుకున్నారు. మనం గుత్తికోయలంటున్నది వీళ్లనే. జుడుం రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులైలో తేల్చేసరికి ఇక్కడ వాళ్ల పిల్లలు బడి ఈడుకొచ్చారు.

వాళ్లుండే చాలా గుంపుల్లో ఇప్పటికీ వాగులో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు ముంచి తెచ్చుకుంటారు. మిర్చి కోతలకు మాత్రం మన రైతులకు వాళ్లే దిక్కు. అక్కడ ఎస్టీలు, ఇక్కడికొస్తే కారు, ఎందుకంటే ఆ జాబితా రాష్ట్రానికొకటి. అటవీహక్కుల చట్టం నిర్వాసితులకు ఒక దారి చూపింది, అదీ 2005 డిసెంబరు 13కి ముందు నిలువనీడ పోగొట్టుకున్నవాళ్లకే. జుడుం ఆ తేదీకి ఆగిందా? 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో గుత్తికోయల పోడు గొడవలో రేంజి అధికారి శ్రీనివాసరావును నరికి చంపారు. ఆ హత్యకు సాకు లేదు, ఉండకూడదు. కానీ నాలుగు ప్రభుత్వాలు మోయాల్సిన బరువును ఒక ఫారెస్టు రేంజి మీద పడేసి చేతులు దులుపుకున్నాం.

రాష్ట్రాలు కలవలేవని కాదు. మావోయిస్టుల కోసం గాలింపంటే పోలీసులు సమాచారం పంచుకుంటారు, కేంద్ర హోంశాఖ ముఖ్యమంత్రుల్ని కూర్చోబెడుతుంది. పారిపోయివచ్చిన మనుషుల దగ్గరికొచ్చేసరికే ఎవరి సరిహద్దు వాళ్లకు గుర్తొస్తుంది.

సరిహద్దు దాటే గొడవకు పొరుగువాళ్లు కలిస్తే ఏమవుతుందో ఆఫ్రికాలో చూడొచ్చు. అక్కడ కూటములకు కొదవలేదు, ఫలితం మాత్రం అన్నిచోట్లా ఒకలా లేదు. తూర్పు కాంగోకు 2022 నవంబరులో తూర్పు ఆఫ్రికా కూటమి సేన వచ్చి ఏడాదికే వెనక్కి పోయింది; ఆ వెంటనే దక్షిణాది దేశాల కూటమి సేన దిగింది. 2025 జనవరిలో గోమా నగరం ఎం23 తిరుగుబాటుదారుల వశమైంది. వాళ్లకు అండగా ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణులు వేలెత్తి చూపిన రువాండా, ఆ మొదటి కూటమిలో సభ్యదేశం. అదే 2017లో గాంబియాలో, ఎన్నికల్లో ఓడినా కుర్చీ వదలని అధ్యక్షుడు జామెను పశ్చిమాఫ్రికా కూటమి సేనలు సరిహద్దు దాటి దింపగలిగాయి. ముందు నడిచింది గాంబియాను మూడువైపులా చుట్టుకుని ఉన్న సెనెగల్. నిప్పు ఎవరి గడప దాకా వచ్చిందో వాళ్లే ముందుంటే పని జరుగుతుందని నాకు అర్థమైంది. నిప్పు ఎగదోసేవాడే పంచాయితీలో పెద్దమనిషైతే ఎంత సేన దిగినా వృథా.

మనకు కొత్త చట్టమూ అక్కర్లేదు. మండళ్లు కలిసి సంయుక్తంగా సమావేశం కావచ్చని ఆ 1956 చట్టంలోనే ఉంది. ముఖ్యమంత్రుల తీరిక కోసం చూడకుండా సుక్మా, బీజాపూర్, మల్కన్‌గిరి కలెక్టర్లనూ, భద్రాచలం, చింతూరు ఐటీడీఏ ప్రాజెక్టు అధికారులనూ ముందు ఒకచోట చేర్చాలి. ఊరికి తిరిగిపోతామనేవాళ్లెవరు, ఇక్కడే ఉంటామనేవాళ్లెవరు అన్నది గుంపు గుంపుకీ వెళ్లి వాళ్లనే అడిగి రాసుకోవాలి. అక్కడిచ్చిన కుల ధ్రువపత్రం ఇక్కడ పిల్లాడి హాస్టల్ సీటుకైనా చెల్లాలి. మొదటి సమావేశం కుంటలో పెడితే మంచిది. వీళ్లు వదిలొచ్చిన భూముల కాగితాలు సరిహద్దు అవతల ఉండాల్సినవే గదా.